గిరీంద్రశేఖర బోసు: మనోవైద్యుల శిక్షణమున రాజకీయము

శరీరవైద్యము నేర్చువాడు శవమును కోసి అవయవముల తెలిసికొనును. మనోవైద్యము నేర్చువానికి అట్టి శవము దొరకదు. అతడు తన మనస్సునే మరియొకని ముందు విప్పవలసియున్నది. మనోవిశ్లేషణ శాస్త్రమున శిష్యుడు మొదట రోగి స్థానమున పరుండి, గురువు చెప్పిన అర్థమును తన అంతరంగమునకు అన్వయించుకొని, పిమ్మటనే ఇతరులకు వైద్యము చేయుటకు అధికారి యగును. కావున ఈ విద్యలో గురుస్థానమున కూర్చున్నవాడు శిష్యుని గూర్చియు శిష్యుని జాతిని గూర్చియు ఏమని తలచుచున్నాడనునది అల్పవిషయము కాదు. గురువు పాలకజాతివాడును శిష్యుడు పాలితజాతివాడును అయినచో ఆ ప్రశ్న మఱింత చిక్కుపడును. ఈ చిక్కు కలకత్తాలో ఏర్పడినప్పుడు దాని నడుమ నిలిచి, ముప్పది సంవత్సరములు మనోవైద్యులను తయారు చేసినవాడు గిరీంద్రశేఖర బోసు.

ఆయన 1887వ సంవత్సరము జనవరి 30వ తేదీన జన్మించెను. తండ్రి చంద్రశేఖర బోసు దర్భంగా సంస్థానమున దివాను. వేదాంతమునందు పరిశ్రమ చేసినవాడు. తొమ్మండుగురు సంతానములో గిరీంద్రశేఖరుడు కడగొట్టువాడు. ఆయన అన్నగారైన రాజశేఖర బోసు పరశురాముడను పేర హాస్యకథలు వ్రాసియు, చలంతిక యను నిఘంటువును కూర్చియు వంగసాహిత్యమున సుప్రసిద్ధుడయ్యెను. ఈ సోదరుని పేరు ఈ చరిత్రలో మఱల రాగలదు. గిరీంద్రశేఖరుడు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో విజ్ఞానశాస్త్రమును, వైద్యకళాశాలలో వైద్యమును చదివి 1910లో పట్టము పొందెను. చిన్ననాటినుండియు ఆయనకు ఇంద్రజాలమునందును హిప్నాటిజమను సమ్మోహనవిద్యయందును ఆసక్తి మెండు. వైద్యవృత్తి నారంభించిన పిమ్మట మనోవ్యాధిగ్రస్తులకు మొదట సమ్మోహనమును, తరువాత మాటలచేతనే చికిత్సను ప్రయోగించి చూచెను. ఫ్రాయిడ్ గ్రంథముల ఆంగ్లానువాదములు చేతికి వచ్చునాటికే తాను అట్టి భావములు కొన్ని స్వయముగా కనుగొనియుంటినని ఆయన చెప్పుకొనెను. ఈ మాటను గర్వోక్తిగా కొట్టివేయుట సులభమే. కాని తరువాత ఆయన చేసిన పని యంతయు ఈ స్వయమార్జిత విద్యమీదనే నిలిచినది.

ఆ దినములలో కలకత్తా విశ్వవిద్యాలయమున అశుతోష్ ముఖర్జీ మనశ్శాస్త్రమునకు ప్రత్యేకశాఖను నెలకొల్పి, హార్వర్డులో చదివి వచ్చిన నరేంద్రనాథ సేనగుప్తను అధ్యక్షునిగా నియమించెను. అప్పటికే వైద్యుడై పేరు తెచ్చుకొనిన బోసు మఱల విద్యార్థియై ఆ శాఖలో చేరి, 1917లో ఎం.ఏ. పట్టము పొంది, అచ్చటనే ఉపన్యాసకుడయ్యెను. 1921లో అవదమనభావమును గూర్చిన గ్రంథమునకు డాక్టరు పట్టము లభించెను. మనశ్శాస్త్రమున భారతదేశపు విశ్వవిద్యాలయము ఒసగిన డాక్టరు పట్టములలో అది మొట్టమొదటిది. ఆ గ్రంథపు ప్రతిని ఆయన వియన్నాకు పంపగా, అంత దూరదేశమున తన శాస్త్రమునకు ఇట్టి ఆదరమున్నందుకు ఆశ్చర్యపడుచు ఫ్రాయిడ్ 1921 మే నెలలో ప్రత్యుత్తరము వ్రాసెను. నాడు మొదలైన ఉత్తర ప్రత్యుత్తరములు 1937 వఱకు సాగినవి. వారిరువురును ఒకరినొకరు ఎన్నడును చూడలేదు. బోసు ఐరోపాకు పోలేదు. ఫ్రాయిడ్ భారతదేశమునకు రాలేదు. బోసు మిత్రుడైన యతీంద్రకుమార సేన్ అను చిత్రకారుడు ఫ్రాయిడ్ ఛాయాచిత్రమునైనను చూడకయే ఆయన రూపమును ఊహించి గీసిన చిత్రమొకటి వియన్నాకు పోయెను. గురువును ఊహించుకొని విద్య నేర్చిన శిష్యునికి ఇంతకంటె తగిన కానుక లేదు.

1922 జనవరి 22వ తేదీన కలకత్తాలో పార్సీబాగాను సందులోని 14వ సంఖ్యగల బోసు గృహమున భారతీయ మనోవిశ్లేషణ సంఘము స్థాపితమయ్యెను. స్థాపకసభ్యులు పదునైదుగురు. వారిలో పెక్కుమంది కళాశాలలలో తత్త్వశాస్త్రమో మనశ్శాస్త్రమో బోధించువారు. తక్కినవారిలో వైద్యులు కొందఱు. ఆ యేడే అంతర్జాతీయ సంఘము దానిని గుర్తించెను. ఐరోపాకు వెలుపల, ఇంకను పరపాలనమున నున్న దేశమున, దేశీయుని అధ్యక్షతన ఇట్టి సంఘము వెలయుట సామాన్యము కాదు. అయితే అందొక ధర్మసంకట మిమిడియున్నది. ఆ సంఘాధ్యక్షుడు ఎవరి యొద్దను విశ్లేషణ పొందినవాడు కాడు. తన మనస్సును తానే శోధించుకొనెను. తన సహచరుల మనస్సులను తానే శోధించెను. 1925 తరువాత అంతర్జాతీయ సంఘము శిక్షణ నియమములను గట్టిపఱచి, ప్రతి వైద్యుడును మొదట అధికారయుక్తుడైన విశ్లేషకునిచే విశ్లేషింపబడవలెనని విధించుచుండగా, కలకత్తా సంఘపు మూలపురుషుడు ఆ నియమమునకు వెలుపలనే ఉండెను. ఫ్రాయిడ్ కూడ తన్ను తానే విశ్లేషించుకొనెను గదా యని సమాధానము చెప్పవచ్చును. కాని వియన్నా గురువునకు చెల్లినది కలకత్తా శిష్యునకును చెల్లునా యను ప్రశ్నయందే రాజకీయము దాగియున్నది.

ఆ ప్రశ్న ఊహామాత్రము కాదు. ఆ సంఘమునందే బ్రిటిషు సైన్యమునకును వైద్యోద్యోగమునకును చెందిన ఇరువురు సభ్యులుండిరి. ఒకరు ఓవెన్ బర్క్‌లీ-హిల్. మఱియొకరు క్లాడ్ డేలీ. డేలీ లండనులో ఎర్నెస్ట్ జోన్స్ నొద్దను, వియన్నాలో ఫ్రాయిడ్ నొద్దను విశ్లేషణ పొందినవాడు. అనగా గురుపరంపర దృష్టిచే చూచినచో అధ్యక్షునికంటె ఈ సైనికోద్యోగియే అధికారసంపన్నుడు.

బర్క్‌లీ-హిల్ చరిత్ర విచిత్రమైనది. ఆయన రాంచీలోని ఐరోపీయుల మానసిక చికిత్సాలయమునకు 1919 మొదలుకొని పదునైదేండ్లు అధికారిగా నుండెను. ఆ నగరముననే భారతీయులకు వేఱొక చికిత్సాలయము 1925లో ఏర్పడినది. పిచ్చివారి గృహములందు సైతము తెల్లవారికి ఒకటి, నల్లవారికి ఒకటి. బర్క్‌లీ-హిల్ దక్షత లేనివాడు కాడు. రోగులను కట్టివేయుట తగ్గించి, వారికి పనులు కల్పించి స్వస్థత చేకూర్చు పద్ధతిని ఆయన ప్రవేశపెట్టెను. 1929లో మానసికారోగ్య సంఘము నొకదానిని స్థాపించెను. మలబారు ప్రాంతపు స్త్రీని వివాహమాడి, అందువలన తనవారి నిరసనకు గుఱియయ్యెను. అట్టివాడే 1921లో అంతర్జాతీయ మనోవిశ్లేషణ పత్రికయందు హిందువుల మతమును, తత్త్వమును, స్వభావమును గూర్చి దీర్ఘవ్యాసము ప్రకటించెను. హిందువుల శౌచాచారములును, యోగసాధనలును, తత్త్వచింతనయును శైశవమునందలి మలవిసర్జనసుఖముతో ముడివడిన వికారములనియు, తత్ఫలితములైన గుణములలో దోషములు హిందువులకును మేలైనవి ఆంగ్లేయులకును సంక్రమించినవనియు దాని సారాంశము. ఒకే మూలమునుండి ఒకరికి పిసినితనమును మొండితనమును, మఱియొకరికి క్రమశిక్షణయును పట్టుదలయును ఏల పుట్టినవో శాస్త్రము చెప్పలేదు, పాలనము చెప్పినది.

డేలీ ఇంకొక అడుగు ముందునకు వేసెను. 1930లో ఆయన విప్లవప్రవృత్తుల మనస్తత్త్వమును గూర్చి వ్రాసెను. ఉప్పు సత్యాగ్రహమును చట్టగ్రామపు ఆయుధాగార ముట్టడియును జరిగిన సంవత్సరమది. వంగదేశపు యువకులు కాళీమాతను దేశమాతగా కొలుచుచు ప్రభుత్వముపై తిరుగుబాటు చేయుట బాల్యమున తల్లియందలి అనురక్తియు తండ్రియందలి ద్వేషమును పరిష్కారము కాకపోవుటచే కలిగినదని ఆయన నిర్ణయము. హిందువుల మనస్సు శైశవావస్థను దాటలేదనియు, వారిని నడపువాడు వాత్సల్యముగల తండ్రివలె కఠినుడును కావలెననియు దాని పర్యవసానము. పన్నులు, నిర్బంధములు, లాఠీలు, ఉరికంబములు ఈ వ్యాఖ్యలో ఎచ్చటను కారణములుగా కనబడవు. రాజకీయమైన కోపమంతయు వ్యాధిలక్షణముగా మాఱిపోయినది.

ఇది పత్రికావ్యాసములతో ఆగియున్నచో అంత ప్రమాదము లేదు. మనోవిశ్లేషణ శిక్షణమున ప్రతిరోధమను భావము కీలకమైనది. గురువు చెప్పిన అర్థమును శిష్యుడు కాదన్నచో, ఆ కాదనుటయే అది నిజమనుటకు సాక్ష్యముగా గ్రహింపబడవచ్చును. చికిత్సయందు ఈ భావమునకు ప్రయోజనము కలదు. రోగి తన్ను తాను మభ్యపెట్టుకొనుట వాస్తవమే. కాని గురువు రాజోద్యోగియును శిష్యుడు ప్రజయును అయినచో, పరపాలనము తగదను మాట సైతము ప్రతిరోధముగానే లెక్కింపబడును. అట్టి శిక్షణ పొందిన భారతీయ వైద్యుడు తన యొద్దకు వచ్చిన నిరసనపరుని రోగిగా చూచుటకు అలవాటుపడును. తన్ను తాను కూడ అట్లే చూచుకొనును. జర్మనీలో 1933 తరువాత జరిగినది ఇంతకంటె బహిరంగముగా జరిగినది. యూదులైన విశ్లేషకులు తఱుమబడిరి. 1936లో మాథియాస్ గోరింగ్ అధ్యక్షతన బెర్లినులో ఏర్పడిన సంస్థయందు వైద్యశిక్షణము నాజీ సిద్ధాంతమునకు అనుగుణముగా నడువవలసినదయ్యెను. అచ్చట రాజకీయము ఆజ్ఞారూపమున వచ్చినది గనుక గుర్తించుట సులభము. కలకత్తాలో అది శాస్త్రపరిభాషలో వచ్చినది.

బోసు ఏమి చేసెను? ముఖాముఖి ఖండనకు ఆయన దిగినట్లు కనబడదు. ఆయన రాజకీయవేదిక లెక్కినవాడు కాడు. చెఱసాలకు పోయినవాడును కాడు. ఆ యుద్యోగులు సభ్యులుగా నున్న సంఘమునకు అధ్యక్షుడై ఉండుచు, శిక్షణాధికారమును మాత్రము తన చేతినుండి జాఱనీయలేదు. 1930 దశాబ్ది తొలినాళ్లలో సంఘమున శిక్షణసంస్థ యేర్పడినప్పుడు, ఐరోపా నియమములయందలి మూడంగములును, అనగా స్వీయవిశ్లేషణము, శాస్త్రాధ్యయనము, పర్యవేక్షణలో చికిత్స, స్వీకరింపబడినవి. కాని విశ్లేషకులు కలకత్తావారే. శిష్యుడు విద్యకై సముద్రము దాటనక్కఱలేదు. పాలకుని యొద్ద పరుండనక్కఱలేదు.

ఇంతకంటె లోతైన సమాధానము ఆయన సిద్ధాంతమునందున్నది. ప్రతి కోరికయు తనకు విరుద్ధమైన కోరికతో కలిసియే పుట్టునని బోసు మతము. కొట్టవలెనను కోరిక వెనుక కొట్టబడవలెనను కోరిక అణగియుండును. చూడవలెనను దాని వెనుక చూడబడవలెననునది. అణగినది బయటికి రాలేక రోగమగును. కావున చికిత్సలో రోగిచే ఎదుటివాని స్థానమును ఊహింపజేసి, తక్కెడ త్రాసువలె ఇటునుండి అటునకు, అటునుండి ఇటునకు త్రిప్పుచు, రెండు కోరికలను వెలికి తెచ్చుట ఆయన పద్ధతి. 1933లో భారతీయ విజ్ఞాన మహాసభయందలి మనశ్శాస్త్రశాఖకు అధ్యక్షుడై ఆయన దీనినే నూతన మనోజీవన సిద్ధాంతముగా ప్రతిపాదించెను. ఏలవలెనను కోరికవెనుక ఏలబడవలెనను కోరిక యుండునని ఈ సిద్ధాంతమును పాలకులకు అన్వయించుట ఎవరికైనను తోచును. బోసు ఆ అన్వయము చేయలేదు. ఆయన మౌనము జాగరూకతయో స్వభావమో నిర్ణయించుట కష్టము. కాని ఈ సూత్రమున పెరిగిన శిష్యునికి వైద్యుడు ఆరోగ్యవంతుడు, రోగి శిశువు అను భేదము స్థిరముగా నిలువదు.

ఈడిపస్ భావమునందు ఆయన ఫ్రాయిడ్‌తోనే విభేదించెను. బాలుడు తండ్రి దండించునను భయముచేత లొంగి, ఆ తండ్రి శాసనమునే తన అంతరాత్మగా స్వీకరించుటవలన పెద్దవాడగునని ఫ్రాయిడ్ చెప్పెను. బోసు తన భారతీయ రోగులలో ఆ భయము ఐరోపీయులలోవలె కనబడుటలేదనియు, వారిలో స్త్రీత్వమును కోరుట సులభముగా పైకి వచ్చుచున్నదనియు గమనించెను. బాలుడు లొంగుటవలన గాక, తండ్రిని ఎదిరించి జయింపగలనను స్థితికి వచ్చుటవలననే చిక్కు విడిపోవునని ఆయన నిశ్చయించెను. 1929లో ఈ విషయములపై తన వ్యాసములను పదుమూడింటిని ఫ్రాయిడ్‌కు పంపెను. ఫ్రాయిడ్ శ్రద్ధతో చదివెను గాని పూర్తిగా అంగీకరింపలేదు. బోసు కూడ తన మతమును విడువలేదు. ఐరోపాలో ఇట్లు విభేదించినవారు పెక్కుమంది సంఘమునుండి వెడలిపోయిరి. బోసు వెడలలేదు, వెడలగొట్టబడలేదు. 1931లో ఫ్రాయిడ్ డెబ్బదియైదవ జన్మదినమునకు కలకత్తా సంఘము దంతపు విష్ణుమూర్తిని కానుకగా పంపగా ఆయన దానిని తన వ్రాతబల్లమీద నుంచుకొనెను. లొంగుటవలననే ఎదుగుదురను సిద్ధాంతమునకును, ఎదిరించి ఎదుగుదురను సిద్ధాంతమునకును నడుమనున్న దూరము 1930నాటి భారతదేశమున రోగిగదికి మాత్రము సంబంధించినది కాదని చెప్పుట అతిశయోక్తి కానేరదు.

ఒకే గ్రంథములను ఆ యుద్యోగులును బోసును ఎట్లు చదివిరో పోల్చి చూడదగినది. వారికి పురాణములు ఒక జాతి రోగలక్షణముల పట్టిక. బోసు 1930 దశాబ్దిలో పురాణప్రవేశమను వంగగ్రంథమున వాటిని చరిత్రగా పరిశీలించి, రాజవంశముల కాలక్రమమును నిర్ణయింప యత్నించెను. ఆ నిర్ణయములన్నియు నిలుచునని చెప్పలేము. గీతకు వ్యాఖ్య వ్రాసెను. యోగసూత్రములను మనశ్శాస్త్రదృష్టితో పరిశీలించెను. అంతర్దృష్టి భారతీయ సంప్రదాయమున శాస్త్రసాధనముగా నున్నదని ఆయన వాదము. ఆ గ్రంథములు రోగియొక్క ప్రలాపములు కావు, వైద్యుని యుపకరణములు అని దీని తాత్పర్యము. అయితే ఈ ప్రతివాదమునందును ఒక లోపము కలదు. భారతీయ మనస్సన్నప్పుడు ఆయన దృష్టిలో నున్నది ముఖ్యముగా హిందూ సంస్కృతవిద్యాసంప్రదాయమే.

భాషావిషయమున ఆయన కృషి భారతీయ భాషల పండితులకు మఱింత ప్రీతిపాత్రము. స్వప్నమను గ్రంథమును 1928లో వంగభాషలోనే వ్రాసెను. బాలలకై లాల్ కాలో అను కథ రచించెను. మనోవిద్య పరిభాషను కూర్చెను; అది 1953లో వెలువడినది. అచేతనమనక నిర్జ్ఞానమని వాడుటవంటి చోట్ల ఆయన సూక్ష్మదృష్టి కనబడును. చైతన్యము లేనిది వేఱు, ఎఱుకకు రానిది వేఱు. తెలుగున అచేతనమను మాటయే నిలిచినది. దానివలన ఱాతికిని అంతర్మనస్సునకును ఒకే విశేషణము చెల్లుచున్నది. రోగి తన బాధను ఇంటిభాషలో చెప్పుకొనును. వైద్యుడు దానిని పరభాషలో మాత్రమే అర్థము చేసికొనగలిగినచో శిక్షణము సగమే జరిగినట్లు. ఆ సగమును పూరించుటకే బోసు పరిభాషను కూర్చెనని చెప్పుట సమంజసము.

ఇంత చెప్పినను ఆయన నిర్మించిన శిక్షణాలయమున రాజకీయము లేదనుటకు వీలులేదు. సంఘసభ్యులు మిక్కిలిగా కలకత్తా భద్రలోకమునకు చెందిన అగ్రకులస్థులు. వంగదేశజనాభాలో సగమునకు మించిన ముసల్మానుల మనస్సును గూర్చియు, ఆ భద్రలోకపు గుమ్మము తొక్కని కులములవారి మనస్సును గూర్చియు అచ్చట శ్రద్ధ స్వల్పము. జర్మను, ఆంగ్ల భాషలలో విశ్లేషకుల మధ్య జరిగిన తీవ్రవాదములవంటివి కలకత్తాలో జరుగలేదు. కారణము స్పష్టమే. అందఱును బోసు నొద్దనో బోసు శిష్యుల యొద్దనో విశ్లేషణ పొందినవారు. గురువు మతమును కాదనుట ప్రతిరోధమగునను భయము పాలకుని విషయమున తొలగినను గురువు విషయమున తొలగలేదు. తండ్రిని ఎదిరించియే పెద్దవారగుదురని బోధించిన ఆచార్యుని శిష్యులలో ఆయనను ఎదిరించినవాడు కనబడడు. సుధీర్ కాకర్, ఆశీష్ నందీ, క్రిస్టియానె హార్ట్‌నాక్ మొదలగువారు తరువాతి కాలమున ఈ చరిత్రను శోధించి, వలసపాలనమునకు సంబంధించిన అంశమును వెలుగులోనికి తెచ్చిరి. గురుత్వమునకు సంబంధించిన అంశము ఇంకను విచారణీయముగనే యున్నది.

బోంబాయిలో కొంత భిన్నమైన ధార కనబడును. ముస్సోలినీ ప్రభుత్వము 1938లో చేసిన జాతిశాసనములవలన ఇటలీని విడిచిన ఎమీలియో సెర్వాడియో అను విశ్లేషకుడు ఆ నగరమునకు వచ్చి, యుద్ధము ముగియువఱకు భారతదేశమున నుండెను. ఒక రాజకీయముచే తఱుమబడిన వైద్యుడు మఱియొక రాజకీయపు నీడలో వైద్యము చేయవలసి వచ్చినది.

బోసు మాత్రము కలకత్తాను విడువలేదు. 1929లో సేనగుప్త లక్నో విశ్వవిద్యాలయమునకు పోగా ఆయన మనశ్శాస్త్రశాఖకు అధ్యక్షుడై 1949 వఱకు పనిచేసెను. 1933లో కార్మైకేల్ వైద్యకళాశాలలో మనోరోగులకు బహిరోగి చికిత్సాకేంద్రమును తెఱచెను. సాధారణ వైద్యశాలయందు అట్టిది ఈ దేశమున అదియే మొదటిది. పిచ్చివాడని ముద్రవేసి గోడలవెనుక బంధించుట తప్ప వేఱుదారి యెఱుగని కాలమున, జ్వరమునకు మందు పుచ్చుకొనువారి వరుసలోనే మనోబాధగలవాడును నిలుచుటకు వీలు కలిగినది. శిక్షణార్థులకు రోగులు దొరకిన చోటును అదియే. అది ప్రభుత్వపు మానసిక చికిత్సాలయము కాదు. 1940 ఫిబ్రవరిలో అన్నగారైన రాజశేఖరుడు ఇచ్చిన స్థలమున లుంబినీ పార్కు చికిత్సాలయము వెలసెను. సంఘపు యాజమాన్యమున, మిక్కిలి స్వల్పముగా మొదలైన ఆ వైద్యశాలలో రాంచీలోవలె జాతినిబట్టి గోడలు లేవు.

1947లో సంఘము సమీక్ష యను పత్రికను ప్రారంభించెను. ఈడిపస్ కోరికను గూర్చి బోసు ఫ్రాయిడ్‌కు పంపిన వాదము ఇరువది సంవత్సరములు గడచిన పిమ్మట 1949లో ఆ పత్రికయందే వెలువడెను. అప్పటికి ఫ్రాయిడ్ మరణించి పది యేండ్లు. బర్క్‌లీ-హిల్ 1944లోనే గతించెను. పాలకులు దేశము విడిచి వెళ్లిరి. ఎవరికి సమాధానముగా ఆ వ్యాసము మొదట పుట్టినదో వారెవరును దానిని చదువుటకు లేరు. చదివినవారు బోసు శిష్యులు.

గిరీంద్రశేఖర బోసు 1953 జూన్ 3వ తేదీన కలకత్తాలో మరణించెను. సంఘమునకును లుంబినీ పార్కునకును సంబంధించిన భారమును ఆయన శిష్యుడైన తరుణచంద్ర సిన్హా మొదలగువారు వహించిరి. పార్సీబాగాను సందులోని ఇంటనే సంఘపు సమావేశములు ఆ పిమ్మటను సాగినవి.